వెనక వరండా బల్బు

ఆ ఇంట్లో పగటిపూట గట్టిగా మాట్లాడటం ఏళ్ల కిందటే మానేశారు. మానేశారంటే, ఉన్నది ఇద్దరే. ఒకరు పడుకుంటారు, ఒకరు పడుకోనిస్తారు.

ఆయనది సీసా మూతలు ఒత్తే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పెళ్లైన కొత్తలో దొరికింది, అదే ఉండిపోయింది. మూతలు ఒత్తడం ఒక వంతు, ఒత్తిన మూతను దీపానికి ఎదురు పట్టి సన్నటి చిల్లు ఉందేమో చూడటం రెండో వంతు. చీకటి పడుతుండగా డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు, పాలు పోసేవాళ్ల సైకిళ్లతో పాటు తిరిగొచ్చేవాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ నోటికి రాదు. నైటాయన అంటే చాలు.

పడకగది కిటికీకి ఆవిడ ఒక తెర కుట్టింది. బయటి వైపు నల్ల గుడ్డ, లోపలి వైపు నల్ల గుడ్డ, మధ్యలో పాత దుప్పటి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో చెయ్యి కనపడేది కాదు. గేటు గొళ్లేనికి గుడ్డ చుట్టింది. కుక్కరు అటక ఎక్కించి గిన్నెలోనే వండింది. కూరగాయల బండివాడు ఆ గుమ్మం దాకా కేకేసుకుంటూ వచ్చి, అక్కడ నోరు మూసుకుని చెయ్యి ఊపి, గుమ్మం దాటాక మళ్లీ అందుకునేవాడు.

ఖాళీగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. కుట్టుమిషను కొంది. దాని మీద కుట్టింది ఆ తెర ఒక్కటే. చప్పుడు పడక అమ్మేసింది. పిండి రుబ్బి అమ్ముదామనుకుంది, గ్రైండరు చప్పుడు. పిల్లలకి చదువు చెబుదామనుకుంది, పిల్లలంటేనే చప్పుడు. చప్పుడు లేని పని ఏముందా అని వెతుక్కుంటూ ఉండగా తమ్ముడు ఒక డబ్బాలో నాలుగు మొక్కలు పెట్టుకొచ్చాడు.

తమ్ముడు ఊరి బయట కోళ్ల షెడ్డులో పనిచేస్తాడు.

"మా షెడ్డు వెనక నీడలో దానంతటదే వచ్చిందక్కా. కొత్తిమీర వాసనొస్తోందని చెయ్యి పెడితే వేలు గీరుకుంది" అన్నాడు.

చూడటానికి కొత్తిమీరకీ దానికీ చుట్టరికమే లేదు. వేలంత వెడల్పు, జానెడు పొడుగు ఆకులు నేలకి అంటుకుని చుట్టూ పరుచుకుంటాయి. అంచులు రంపం పళ్లలా ఉంటాయి. వాసన మాత్రం కొత్తిమీరని పదింతలు చేసినట్టు. ఒక ఆకు తుంచితే పక్క గదిలో తెలుస్తుంది. ఆవిడ దాన్ని ముళ్ల కొత్తిమీర అంది. ఉత్తరం వైపు తిరిగి ఉన్న వెనక వరండాలో ఎండ పడదు. మిగతా మొక్కలేవీ అక్కడ బతకలేదు. ఇది మాత్రం బతికింది. ఎండలో పెడితే మొరాయిస్తుందనీ, నీడా తడీ ఉంటే అడక్కుండానే పెరుగుతుందనీ మెల్లగా తెలిసింది.

దుమ్ములాంటి గింజలు. మట్టి మీద చల్లి వదిలెయ్యాలి, మట్టి కప్పకూడదు. తడిగుడ్డ కప్పి ఉంచితే, ఇక రావులే అని ఆశ వదులుకున్నాక వస్తాయి. అడుగు ఆకులు మొదలంటా కోస్తుంటే నడుమ నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒక్కటే గండం. నడుమ నుంచి పువ్వు కాడ లేచిందా, ఇక ఆకు పని అయిపోయినట్టే. ఆకు గట్టిపడుతుంది, ముల్లు నిజంగా ముల్లవుతుంది. కాడ తల ఎత్తగానే గిల్లెయ్యాలి.

మొదటి కట్ట వీధి చివర హోటల్‌కి తీసుకెళ్లింది. హోటలావిడే వంటమనిషి, హోటలావిడే యజమాని. గొంతు మాత్రం నలుగురిది.

"ఏమిటిది, గడ్డా?" అని వాసన చూసి, ఉడుకుతున్న కూరలో ఒక గుప్పెడు పడేసింది. మామూలు కొత్తిమీరైతే అలా మరిగితే వాసన ఆవిరైపోతుంది. కూర దింపాక మూత తీసి చూసి, ఆవిడ వంక చూసింది. "రేపు కూడా తే."

అలా నైటాయన భార్య వీధిలో అందరికీ ఆకక్క అయింది. వరండా నిండా పాత బకెట్లు, కోసిన నూనె డబ్బాలు, అంచు విరిగిన టబ్బులు చేరాయి. ఇంట్లో ఆయన నిద్రపోతుంటే వెనక ఆకు పెరుగుతూ ఉండేది. రెండింటికీ చప్పుడు లేదు.

ఇదంతా ముందు మాట. అసలు సంగతి, హోటలావిడ ఒకరోజు ఆకక్కని కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇవ్వడంతో మొదలైంది. హోటలావిడ ఊరికే టీ ఇచ్చే మనిషి కాదు.

"ఎదురుగా మూడంతస్తుల ఆఫీసు తెరిచారు చూశావా? మూడు నెలలు పోయాక వాళ్లకి భోజనాలు నేనే. వాళ్ల పెద్దసారు నా కూర తిని ఇందులో ఏదో ఉందండీ అన్నాడు. ఆ ఏదో నీ వరండాలో ఉంది పిల్లా. రోజూ రెండు బుట్టలు కావాలి. మెత్తటి ఆకు. ఇవ్వగలవా?"

"ఇస్తానక్కా."

"ఇవ్వలేకపోతే ఇప్పుడే చెప్పు. పెద్ద మార్కెట్లో ఒకడు లారీలో తెప్పిస్తానంటున్నాడు. వాడితో మొదలుపెట్టానంటే మళ్లీ నీ దగ్గరికి రాను. ఇవాళ నువ్వూ రేపు వాడూ అంటే నాకు కుదరదు."

"ఇస్తానన్నానుగా అక్కా."

ఇంటికొచ్చి, దాచిన గింజలన్నీ తీసి, ఉన్న ప్రతి డబ్బాలోనూ చల్లింది. ఆవిడకి ఇన్నేళ్లలో సొంతంగా ఒకరికి ఇచ్చిన పెద్ద మాట అదే.

మొదటి తడిగుడ్డ తీసి చూసి, పచ్చటి చుక్కలు కనిపించాయని ముచ్చటపడుతున్న రోజునే నైటాయన డబ్బా ఊపుకుంటూ వెళ్లిన గంటకే తిరిగొచ్చాడు.

"ఏమైందండీ?"

"రాత్రి షిఫ్టు ఎత్తేశారు. పగటి షిఫ్టులో ఖాళీ వస్తే పిలుస్తారట."

"పోనీలెండి. నాలుగు రోజులు హాయిగా పడుకోండి."

ఆయన నవ్వాడు. ఎప్పుడు పడుకోవాలన్నదే తెలియని మనిషికి ఆ మాట నవ్వే తెప్పిస్తుంది.

రాత్రి పక్క మీద వాలితే ఒళ్లు మిషను ముందు నిలబడటానికి సిద్ధమైపోయేది. కళ్లు గుడ్లప్పగించి చూసేవి. లేచి హాల్లో తిరిగితే ఆవిడకి మెలకువ. వంటింట్లోకి పోతే గిన్నెలు తగిలేవి. చివరికి వెనక వరండాలో చోటు దొరికింది. అక్కడ గోడకి ఒక పెద్ద బల్బు. అది వేసుకుని, స్టూలు మీద కూర్చుని, చేతికి దొరికిన ప్రతిదీ దీపానికి ఎదురు పట్టి చూసేవాడు. సీసా మూత, చొక్కా గుండీ, మంచినీళ్ల గ్లాసు. తెల్లవారాక నల్ల తెర వెనక్కి పోయి పడుకునేవాడు. కాలుగాలిన పిల్లిలా తిరగడానికి ఒక వరండా దొరికింది కదా అని ఆకక్క కూడా ఊరుకుంది. ఫోను మోగితే మాత్రం ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్లు. ఒకసారి గ్యాసు వాళ్లు, ఒకసారి తప్పు నంబరు.

పైవాటా పిన్నిగారు మెట్ల దగ్గర ఆపింది.

"ఏమ్మాయ్, మీ వెనక లైటు నా పక్క మీదే పడుతోంది. మీ బాబాయి పొద్దున అయిందనుకుని రెండుసార్లు లేచి పళ్లు తోముకున్నారు."

"చెబుతాను పిన్నిగారూ."

"చెప్పు. ఉన్నవి నాలుగు పళ్లు, అవీ అరిగిపోతున్నాయి."

ఆకక్క చెప్పలేదు. పనిపోయిన మనిషికి లైటు ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. దానికితోడు ఆవిడ బుర్రనిండా వేరే గుబులు. మొక్కలు కాడ వేస్తున్నాయి.

మొదట ఒకటి లేచింది. గిల్లేసింది. మర్నాడు పక్క టబ్బులో మూడు. గిల్లేసింది. గిల్లిన చోట పక్క నుంచి రెండు లేచాయి. వారం తిరిగేసరికి పెద్ద మొక్కలన్నీ ఒకరిని చూసి ఒకరు లేచినట్టు నడుమ నిటారుగా కాడలు ఎత్తాయి, కాడ చుట్టూ నక్షత్రాల్లా ముళ్ల ఆకులు, వాటి మీద బొటనవేలి గోరంత పచ్చటి మొగ్గలు. ఎప్పుడూ ఇంత తొందరపడలేదు అవి. అడుగు ఆకులు తోలులా అయ్యాయి.

ఉన్నదే కోసి తీసుకెళ్లింది. హోటలావిడ ఒక ఆకు నోట్లో వేసుకుని నమిలి, చేతిలోకి ఉమ్మేసింది.

"ఇదేమిటి పిల్లా, చీపురు పుల్లలు తెచ్చావ్? ఇది వేస్తే ఆఫీసు వాళ్లు చిగుళ్లకి గుచ్చుకుంటోందని నా మీదకి వస్తారు."

"ఈసారి ఇలా వచ్చిందక్కా. వచ్చే కోత బాగుంటుంది."

"వచ్చే నెల మొదలు అంటున్నాను. నెలలో ఎన్ని కోతలుంటాయో నీకే తెలియాలి."

ఆకక్క ఇంటికొచ్చి మట్టిని అనుమానించింది. కొత్త మట్టి కలిపింది. నీళ్లని అనుమానించింది. పట్టి ఉంచిన వాననీళ్లు పోసింది. పైవాటా పిన్నిగారు మిద్దె కడిగిన సబ్బునీళ్లు కారుతున్నాయేమోనని గొట్టం కిందకి వెళ్లి వాసన చూసింది. చివరికి తన చేతినే అనుమానించి, గిల్లే ముందు సబ్బుతో కడుక్కుంది. కాడలు ఆగలేదు. పొద్దున్నే లేచి వరండాలోకే పోయేది. ఒక్కో టబ్బు ముందు వంగి నడుమ వేలు పెట్టి చూడటం, గట్టిగా తగిలితే నోట్లోనే తిట్టుకోవడం. ఆయన అప్పుడే స్టూలు మీంచి లేచి ఆవులిస్తూ, "ఏమైనా ఉందా?" అనేవాడు. "ఏముంది" అనేది.

ఆదివారం తమ్ముడు మాగిన కోళ్ల ఎరువు బస్తాతో వచ్చాడు.

"ఏం బావా, డ్యూటీ ఇంట్లోనే వేశారటగా?"

"వేశారురా. జీతం మాత్రం మీ అక్క ఇవ్వడం లేదు."

"మా షెడ్డుకి రా బావా. రాత్రి లైటు చూసుకునే మనిషి కావాలట. నీకైతే పని నేర్పక్కర్లేదు, మెలకువగా ఉంటే చాలు."

"కోళ్లకి రాత్రి లైటెందుకురా, పుస్తకాలు చదువుకుంటాయా?"

"గుడ్లకి బావా. చీకటి పడ్డాక కూడా నాలుగు గంటలు లైటు వేస్తే, దానికి పొద్దు పొడుగు అనిపించి గుడ్డు పెడుతూనే ఉంటుంది. లైటు పోయిందంటే గుడ్లు తగ్గుతాయి, మా ఓనరు మా మీద పడతాడు. వెర్రి కోడి, బల్బుకీ సూర్యుడికీ తేడా తెలియదు."

బావా బావమరిదీ నవ్వుకున్నారు. ఆకక్క ఎరువు బస్తా మూతి విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది.

నీళ్ల డ్రమ్ము వెనక రెండు డబ్బాలున్నాయి. చోటు చాలక అటు తోసినవి. వాటి సంగతే మరిచిపోయింది. వంగి డ్రమ్ము పక్కకి జరిపింది. ఆ రెండు డబ్బాల్లోనూ ఆకులు మెత్తగా, వెడల్పుగా, డబ్బా అంచు దాటి వేలాడుతున్నాయి. ఒక్క కాడ లేదు. అదే మట్టి, అవే నీళ్లు, అదే చెయ్యి. బల్బు వెలుగు ఒక్కటే వాటి మీద పడదు, డ్రమ్ము అడ్డం.

తమ్ముడు వెళ్లిపోయాడు. సాయంత్రం ఆయన స్టూలు లాక్కుని స్విచ్చు మీద చెయ్యి వేస్తుండగా అంది.

"లైటు వెయ్యకండి."

"ఏమే? పైన పిన్నిగారు అన్నారా?"

"మొక్కలకి."

"మొక్కకి వెలుగు చేటా? వెలుగులోనే కదా అది పెరిగేది."

"పగలు చాలు దానికి. రాత్రి రాత్రిలా ఉండాలి. మీ బల్బు చూసి పొద్దు పొడుగైందనుకుని కాడ వేసేస్తున్నాయి."

"ఎవరు చెప్పారు, మీ కోళ్ల తమ్ముడా?"

"డ్రమ్ము వెనక చూడండి."

ఆయన చూడలేదు. చెయ్యి స్విచ్చు మీదే ఉంది. "ఫ్యాక్టరీలో వాళ్లు ఆపేశారు, ఇంట్లో నువ్వు ఆపెయ్యి. నేనెక్కడ కూర్చోవాలో అది కూడా చెప్పు మరి."

ఆవిడ మామూలుగా అయితే అక్కడితో ఆపేది. ఆ రోజు నోరు ఆగలేదు.

"ఇన్నేళ్లు మీ నిద్ర కోసం పగలంతా చీకటి చేసుకుని బతికాను. గొళ్లేనికి గుడ్డ చుట్టాను. తుమ్ము వస్తే వీధిలోకి పోయి తుమ్మాను. చప్పుడు చెయ్యదని వెతికి వెతికి ఈ ఆకు పట్టుకున్నాను. దీనికి కాస్త చీకటి ఇవ్వమంటే ఎక్కడ కూర్చోవాలని అడుగుతారా?"

ఆయన స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు. లోపలికి పోయి ఫ్యాక్టరీ బూట్లు వేసుకుని, డబ్బా కోసం అలవాటుగా అటూ ఇటూ చూసి, ఉత్త చేతులతో బయటికి పోయాడు. గుడ్డ చుట్టిన గొళ్లెం చప్పుడు లేకుండా పడింది.

ఆవిడ అన్నం పెట్టుకుని, తినక, మూత పెట్టింది. అంత మాట అననక్కర్లేదనిపించింది. అనకపోతే తెలిసేది ఎలా అని కూడా అనిపించింది. ఈ రెండిటి మధ్యా దొర్లి దొర్లి ఎప్పుడో కునుకు పట్టింది. ఆయన ఎప్పుడు వచ్చాడో తెలియదు.

తెల్లవారుతూ సుత్తి చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. ఆ ఇంట్లో సుత్తి మోగడం ఆవిడ ఎరగదు.

పైనుంచి పిన్నిగారి గొంతు: "ఏమ్మాయ్, ఇల్లు కూలుస్తున్నారా?"

నైటాయన వరండాలో స్టూలెక్కి, ఈ గోడకొక మేకు, ఆ గోడకొక మేకు కొట్టి, తీగ బిగిస్తున్నాడు. భుజం మీద పడకగది కిటికీ తెర. తీగకి దాన్ని రింగులతో తగిలించి అటూ ఇటూ లాగి చూశాడు. తెరకి ఇవతల బల్బూ స్టూలూ, అవతల టబ్బులూ డబ్బాలూ.

"ఆ అడుగున ఇటుకలు పెట్టాలి, లేకపోతే గాలికి లేస్తుంది" అన్నాడు. ముందు రోజు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆకక్క ఇటుకల కోసం వెళ్తూ పడకగది గుమ్మం దగ్గర ఆగింది. గదినిండా ఎండ. పక్క మీద, గోడ మీద, ట్రంకు పెట్టె మీద. గోడకి లేత నీలం రంగు వేయించామన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటినుంచి ఆయనకి డ్యూటీ దొరికింది. డబ్బా పట్టుకుని బయల్దేరే వేళకి తెర లాగడం, సైకిళ్లు వచ్చే వేళకి తియ్యడం. తెర లాగాక తనే అవతల టబ్బుల మధ్య గొంతుక్కూర్చుని, ఆవిడని బల్బు వెయ్యమని, గుడ్డలో ఎక్కడైనా వెలుగు చిల్లు ఉందేమో వెతికాడు. మూతల్లో చిల్లులు వెతికిన కళ్లు. కుట్టు వదిలిన చోట, దుప్పటి అరిగిన చోట, ఆవిడ కంటికి ఆనని చోట కూడా కనిపెట్టి బట్టల క్లిప్పులు పెట్టాడు.

అయినా ఎవరికీ స్థిమితం లేదు. తెర పోయిన గదిలో పగలు ఆయనకి నిద్ర పట్టేది కాదు. మొహం మీద ఎండ, తల మీద దిండు. కళ్లు చింతనిప్పులు. చిన్న మాటకి కసురుకునేవాడు, కసురుకుని మళ్లీ, "ఏమైనా ఉందా?" అని అడిగేవాడు. ఆవిడ ముదిరిన మొక్కలు వదులుకుంది. కాడలు ఎండిపోయాక గింజకి పనికొస్తాయని ఒక మూలకి చేర్చింది. ఆశంతా కొత్త నారు మీదే. అవి చిన్నవి, ఇంకా కాడ వెయ్యలేదు. వేస్తాయా? బల్బు వాటినీ అప్పటికే చెడగొట్టిందా? రోజూ పొద్దున నడుమ వేలు పెట్టేది. మెత్తగా తగిలితే ఒక రోజు గడిచినట్టు. ఆకు వేలంత అయింది. రెండు వేళ్లంత అయింది. వాటికన్నా ముందు నెలాఖరు పరిగెత్తుకొస్తోంది.

ఫోను మోగలేదు. అన్నం ముందు కూర్చుని ఆయన జోగడం మొదలుపెట్టాడు.

నెలాఖరు సాయంత్రం హోటలావిడే వచ్చింది. గేటు దగ్గరినుంచే గొంతు.

"ఏం పిల్లా, కబురు లేదు కాకరకాయ లేదు! మార్కెట్టు వాడు ఇవాళే మాట ఇమ్మంటున్నాడు. ఏదీ, ఆకు చూపించు."

అప్పటికే తెర లాగేసి ఉంది. ఆకక్క గబగబా వరండాలోకి నడిచింది, వెనకే హోటలావిడ. స్టూలు మీద ఉన్న నైటాయన లేచి తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దున రండి."

"ఏమిటీ?"

"ఇప్పుడు తియ్యను. పొద్దున చూద్దురుగాని."

"అయ్యా, నాకు రెండు నిమిషాలు చాలు. ఆకు చూస్తాను, పోతాను."

"మెల్లగా అనండి. పడుకున్నాయి."

హోటలావిడ ఆకక్క వంక చూసింది. ఆకక్క తెర పక్కనే ఉంది. చెయ్యి చాపితే తెర అంచు అందుతుంది. ఒక్కసారి, ఒక్క మూల ఎత్తితే సరిపోతుంది. రెండు నిమిషాల వెలుగుకి కాడ లేవదని ఆవిడకి తెలుసు. ఆ సంగతి ఆయనకీ తెలియకపోదు. కానీ ఆయన నిలబడ్డ తీరు చూసింది. పగటిపూట పడకగది తలుపు ముందు తను ఎంతమందికి అలా అడ్డం నిలబడిందో. కరెంటు మనిషికి, చందాల వాళ్లకి, ఒకసారి ఆయన సొంత అక్కకి.

చెయ్యి చాపలేదు.

"పొద్దున రా అక్కా" అంది.

"బాగుంది! ఇన్నేళ్లూ మీ ఇంటికొస్తే మనిషి పడుకున్నాడు, మెల్లగా అన్నావు. ఇప్పుడు ఆకులు పడుకున్నాయి, మెల్లగా అంటున్నాడు మీ ఆయన. నేను పుట్టిన్నుంచీ నా గొంతు ఇంతే. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

"పోయింది" అంది ఆకక్క.

"వస్తుంది."

"మీకేం తెలుసు? పంతం పట్టిందంటే..."

"కూర ఆవిడది. రుచి చూడకుండా మానదు." అని బల్బు ఆపేశాడు. ఆపి, ఇంకేం చెయ్యాలో తెలియనట్టు చీకట్లో స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ లోపలికి వచ్చి పడుకుంది కాని కంటి మీద కునుకు లేదు. తెల్లవారితే లారీ. లారీ రాకపోయినా, తన దగ్గర ఉన్నది ఒకటే బుట్ట. ఒక బుట్టకి హోటలావిడ ఒప్పుకుంటుందా? నారు ఇంకో పదిహేను రోజులు ముందు చల్లి ఉంటే... పక్క మీద అటు దొర్లి ఇటు దొర్లి, ఎప్పుడు వచ్చి పడుకున్నాడో ఆయన చెయ్యి తగిలి, కదలకుండా ఉండిపోయింది.

సైకిళ్లు వెళ్లిపోయాయి. ఎండ గదిలోకి వచ్చింది. తెర ఇంకా లాగే ఉంది. తియ్యాల్సిన మనిషి పక్క మీద వెల్లకిలా, నోరు తెరుచుకుని, మొహం నిండా ఎండ పడుతుంటే నిద్రపోతున్నాడు. దిండు నేల మీద పడి ఉంది.

ఆకక్క తనే వెళ్లి తెర తీసింది. రింగులు తీగ మీద జారిన చప్పుడుకి వెనక్కి తిరిగి చూసుకుంది. ఏమీ లేదు. వంగి మొదటి టబ్బు నడుమ వేలు పెట్టింది. మెత్తగా ఉంది. రెండోది. మూడోది. చివరి డబ్బా దాకా పోయేసరికి మోకాళ్లు నొప్పి పుట్టాయి. ఆ నొప్పితోనే అక్కడే కూర్చుండిపోయింది.

"ఎక్కడమ్మా నీ నిద్రమొహం ఆకులు?"

హోటలావిడ వరండాలోకి వచ్చేసింది. తలకి రాసుకున్న నూనె కూడా ఆరలేదు. అడక్కుండానే వంగి, ఒక ఆకు మొదలంటా తుంచి, వేళ్ల మధ్య చుట్టింది. ఆకు విరగలేదు. వాసన చూసింది. నోట్లో వేసుకుంది. నములుతూ టబ్బులన్నిటి వంకా కళ్లు తిప్పింది.

"ఇందులో రెండు బుట్టలు రావు."

"రావక్కా. ఒకటే వస్తుంది. రెండోదానికి మళ్లీ నారు పొయ్యాలి."

"మార్కెట్టు వాడు రెండూ ఇస్తానన్నాడు."

"అవునక్కా."

"వాడి ఆకు నిన్న తెప్పించి చూశాను." నమిలింది మింగింది. "లారీలో ఉడికిపోయి, ఎండుగడ్డి వాసన. ఒకటే బుట్ట తే. మెత్తగా ఉండాలి. రెండోది ఎప్పుడిస్తావో అప్పుడు కలుపుకుంటాను. వాడికి వద్దని చెప్పేస్తాను." ఆగి, వంటింటి వైపు తొంగి చూసింది. "నిన్న నన్ను గెంటేసిన వాచ్‌మన్ ఏడీ?"

ఆ గొంతు ఇల్లంతా మోగింది. ఆకక్క వేలు అలవాటుగా పెదవుల దాకా వచ్చింది.

అక్కడిదాకా వచ్చి ఆగింది. పడకగదిలోంచి గురక వినిపిస్తోంది. చెవి ఒగ్గి విన్నది. అది ఆగలేదు, తగ్గలేదు.

వేలు దించేసింది.

"పడుకున్నాడు!" అంది, గట్టిగానే. "రాత్రి పడుకున్నాడు అక్కా. కోత ఎన్నింటికి పంపమంటావు?"